స్కౌట్ మాస్టర్‌గా ఒప్పుకోవాలా, తప్పించుకోవాలా?

మాస్టారూ, మీరడిగింది క్లుప్తంగా ఇదీ: హైస్కూల్లో లెక్కలు చెప్తున్నారు, హెచ్ఎం గారు మిమ్మల్నడక్కుండానే స్కౌట్ మాస్టర్ ట్రైనింగ్‌కి పేరు పంపేశారు, పైసా రాదంట, ఉన్న సిలబస్‌తోనే ఊపిరాడట్లేదు, ఒప్పుకోవాలా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలా అని. నేను జడ్పీ హైస్కూల్లో సైన్స్ చెప్తాను, చాలా ఏళ్లుగా ట్రూప్, అంటే స్కౌట్ పిల్లల దళం, కూడా నడుపుతున్నాను. నన్నడిగితే ఒప్పుకోండి. కాకపోతే ప్రతీదీ నేనే దగ్గరుండి చేయించాలి అనుకునే మనిషైతే మాత్రం వద్దండి, ఏడాది తిరక్కుండా చేతులెత్తేస్తారు, పిల్లలకీ ఏమీ రాదు.

డబ్బుల సంగతి ముందే చెప్పేస్తా. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ట్రూప్ నడిపేవాళ్లు వాలంటీర్లే, మగపిల్లల ట్రూప్‌కి స్కౌట్ మాస్టర్, ఆడపిల్లల కంపెనీకి గైడ్ కెప్టెన్, దీనికి జీతం ఉండదు, పైపెచ్చు తాళ్లకీ చార్టులకీ బిస్కెట్ ప్యాకెట్లకీ మన జేబులోంచే పోతుంది. ముందు బేసిక్ కోర్సు, వారం రోజులు అక్కడే ఉండాలి. తెల్లారకుండానే లేపేస్తారు, యాభై దాటిన సార్లు కూడా పెట్రోల్స్‌గా, అంటే చిన్న జట్లుగా, విడిపోయి ఎవరి కంచం వాళ్లు కడుక్కుని, టెంట్లు వేసుకుని, రాత్రి క్యాంప్ ఫైర్ దగ్గర స్కిట్లు వెయ్యాలి. మొదట్లో ఎందుకొచ్చాన్రా బాబూ అనిపిస్తుంది, వారం చివరికొచ్చేసరికి అందరికంటే ఎక్కువ గంతులేసేది ఆ యాభై దాటిన సార్లే. తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఇంకా ఓపికుంటే హిమాలయ ఉడ్ బ్యాడ్జ్, అది స్కౌట్ మాస్టర్లకి పై స్థాయి ట్రైనింగ్ గుర్తింపు. దానికి తొందరేం లేదు, ముందు ట్రూప్ నిలబడనివ్వండి.

ఇక టైము గురించి మీ భయం. ఇది పూర్తిగా మీరు పెట్రోల్ పద్ధతి పాటిస్తారా లేదా అన్నదాని మీదే ఉంది. ట్రూప్‌లో 32 మంది దాకా ఉండొచ్చు, ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక పెట్రోల్, దానికొక లీడర్, వాడికి సాయంగా ఒక సెకండ్, ఇద్దరూ పిల్లలే. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ దీవి మీద మొదటి క్యాంపు పెట్టినప్పుడే కుర్రాళ్లని నాలుగు పెట్రోల్స్ చేశాడు, అక్కణ్నుంచి వచ్చిందే ఇదంతా. మన స్కూళ్లల్లో చాలాచోట్ల ఏం జరుగుతుందంటే పులి, నెమలి, గద్ద అని పేర్లు చార్టు మీద బ్రహ్మాండంగా రాసి ఉంటాయి, సారు మాత్రం 32 మందినీ ఒకే లైన్లో నిలబెట్టి విజిల్ వేస్తూ ఉంటారు. అది డ్రిల్లు పీరియడ్ అవుతుంది గానీ స్కౌటింగ్ అవ్వదు. నేనైతే శుక్రవారం బడి వదిలాక ఓ అరగంట లీడర్లని మాత్రమే కూర్చోబెట్టి ఆ వారం పాఠం వాళ్లకి నేర్పుతా, శనివారం ఆఖరి పీరియడ్‌లో వాళ్లు తలా ఒక చెట్టు కింద తమ వాళ్లకి నేర్పుకుంటారు, నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటానంతే. తప్పు చెప్తున్నాడని తెలిసినా అందరి ముందు దిద్దను, తర్వాత పక్కకి పిలిచి చెప్తా. గొడవలొస్తే కోర్ట్ ఆఫ్ ఆనర్ ఉంది, అంటే లీడర్లంతా కూర్చుని తేల్చుకునే పంచాయితీ. ఒకసారి తాళ్లు పోయాయని రెండు పెట్రోల్స్ కొట్టుకున్నంత పని చేశాయి, స్టాఫ్ రూమ్‌లో అందరూ మీరు కల్పించుకోండి సార్ అన్నారు, నేను కదల్లేదు. సాయంత్రానికి వాళ్లే తేల్చుకుని, తాళ్లకి రంగు పూసి గుర్తులు పెట్టుకున్నారు, ఆ రంగు ఆలోచన నాకు తట్టేది కాదు.

లీడర్‌గా క్లాస్ ఫస్ట్ వాణ్ని పెట్టాలన్న రూలేం లేదు, చాలామంది అలాగే పెడతారు, ఎందుకో. మా దగ్గర ఒకడుండేవాడు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు, సగం రోజులు బడికి రాడు. కిటికీ ఊచకి క్లవ్ హిచ్ అనే ముడి వేయిస్తున్నాం: తాడు ఒక చుట్టు చుట్టి, దాని మీదుగా అడ్డంగా తెచ్చి రెండో చుట్టు చుట్టి, ఆ రెండో చుట్టు కిందనుంచి కొస దూర్చి లాగాలి. వీడు చూసి, గేదెని ఇలా కట్టం సార్, అని కొస మొత్తం దూర్చకుండా మడిచి దూర్చి ఇంకో ముడి వేశాడు. గేదె వైపు ఎంత గుంజినా బిగుసుకుంటుంది, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే టక్కున ఊడొస్తుంది. ఎందుకలా అంటే, పాకకి నిప్పంటుకుంటే ముడి విప్పే టైమెక్కడుంటుంది సార్ అన్నాడు. తర్వాతి వారం వాడే పెట్రోల్ లీడర్, ఆ ఏడాది బడి మానింది కూడా తక్కువే.

రోజుకో మంచిపని చేసి డైరీలో రాయాలన్నది ఇంకోటి. మొదటి నెల అందరి డైరీల్లోనూ ఒకటే ఉంటుంది, ముసలావిడని రోడ్డు దాటించాను అని. మా ఊళ్లో పొద్దున రెండు, సాయంత్రం రెండు బస్సులు, అన్ని సార్లు దాటించడానికి ముసలావిడలూ లేరు. తిట్టకండి. ఎవరో ఒకడు చెల్లికి జడ వేశాను, అమ్మకి బాలేదని అన్నం వార్చాను అని నిజం రాస్తాడు, అది వాడి పర్మిషన్‌తో చదివి వినిపించండి చాలు, మిగతావాళ్ల రాతలు వాటంతటవే మారతాయి.

క్యాంపుకొస్తే, గిన్నెల్లేకుండా వండటం అని ఒకటుంది, పిల్లలకి మహా సరదా. బంగాళాదుంపలు మట్టి మెత్తి నిప్పుల్లో పెడతారు, వంకాయ కాల్చి పచ్చడి నూరతారు, రొట్టె రాయి మీద కాలుస్తారు. మాడిపోతుంది. మాడనివ్వండి. మీకు అసలు పోరు అమ్మానాన్నలతోనే, రాత్రి ఎనిమిదికి బండి మీద కోడికూర క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర ప్రత్యక్షమౌతారు, పిల్లాడు పస్తుంటాడేమోనని. క్యారేజీలు తెస్తే వెనక్కే అని ముందే మీటింగ్ పెట్టి చెప్పేయండి. చెప్పినా తెస్తారనుకోండి, అది వేరే సంగతి.

పిల్లలకి వదలకూడనివి కొన్ని ఉన్నాయి, ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు. నీళ్లు మొదటిది. కాలువ పక్కన, చెరువు పక్కన క్యాంపు పెట్టొద్దు, ఈతొచ్చు సార్ అని ప్రతివాడూ అంటాడు, ఒక్కణ్నీ నమ్మొద్దు. ఆడపిల్లలుంటే ట్రైనింగ్ అయిన గైడ్ కెప్టెన్ మేడం లేకుండా రాత్రి బస కుదరదని తెగేసి చెప్పండి, పైవాళ్లు ఏం కాదులెండి అన్నా సరే. మగపిల్లల దగ్గర కూడా పెద్దవాళ్లు ఇద్దరుండాలి, ఒక్క సారు ఒక్క పిల్లాడితో గదిలో ఉండటం అన్నది అసలు జరగకూడదు, సేఫ్ ఫ్రమ్ హార్మ్ అని దీనికి ట్రైనింగే ఉంది, చేసేయండి. తల్లిదండ్రుల సంతకం, ఎవరికి ఏ మందు పడదు, ఫిట్స్ ఉన్నాయా అన్నది కాగితం మీద ఉండాలి. డబ్బు ఎవరిచ్చినా రసీదు.

ఇంకో తలనొప్పి. పెద్ద మనుషులెవరైనా వస్తున్నారంటే చాలు, స్కార్ఫ్‌లు కట్టుకున్న పిల్లలు ముచ్చటగా ఉంటారని రోడ్డుకి రెండు వైపులా ఎండలో నిలబెట్టమంటారు. తిరణాళ్లో మంచినీళ్లివ్వమంటే, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరకి చేర్చమంటే సంతోషంగా పంపుతా, అది సేవ. పూలు చల్లడానికి ఎందుకండీ స్కౌట్? నేను పరీక్షలున్నాయనో ఏదో చెప్పి ఎగ్గొడతా, అన్నిసార్లూ కుదరదు.

పిల్లల్ని ఆరు, ఏడు తరగతుల్లోంచే తీసుకోండి. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, ఆ తర్వాత రాజ్య పురస్కార్, ఇవి స్కౌట్ ఒక్కోటీ ఎక్కాల్సిన మెట్లు, ఒక్కోదానికి మధ్య నెలల గడువు ఉంటుంది, తొమ్మిదిలో చేర్చుకుంటే సగంలో టెన్త్ వచ్చి పడుతుంది. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉందంట కదా అని నాన్నలు అడుగుతారు. ఉంది, కానీ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, దానికి రాష్ట్రపతి అవార్డో హిమాలయ ఉడ్ బ్యాడ్జో ఉండాలి, అదీ చాలదు. ఆ ఆశ చూపించి మాత్రం ఎవర్నీ చేర్చుకోకండి. యూనిఫాం కొనలేని వాళ్లుంటే టెన్త్ అయిపోయి వెళ్లే పిల్లల దగ్గర అడిగి పుచ్చుకోండి, మా బీరువాలో అలా చేరినవే ఎక్కువ.

చివరగా, హెచ్ఎం గారికి సరే అనే ముందు శనివారం ఆఖరి పీరియడ్ టైమ్ టేబుల్లో స్కౌట్స్ అని రాయించుకోండి, నోటి మాట మీద వదిలేస్తే రెండో వారానికే అది సోషల్ రివిజన్ అయిపోతుంది. ట్రైనింగ్‌కి వెళ్లేటప్పుడు టార్చి, కంచం, గ్లాసు, రెండు మీటర్ల నూలు తాడు పెట్టుకోండి, నైలాన్ వద్దు, ముడి జారిపోతుంది. ఒడోమాస్ కూడా.