లిథియం వేసుకుంటే బొమ్మలు ఆగిపోతాయా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. పోర్ట్రెయిట్లు వేస్తాను. రెండేళ్ల కింద బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఊపు, కొన్నాళ్లు దిగులు వచ్చే మానసిక జబ్బు) అని చెప్పారు, దానికి లిథియం మాత్రలు వాడుతున్నా. చెయ్యి సన్నగా వణుకుతోంది, కనురెప్ప గీత కూడా తిన్నగా రావట్లేదు, పైగా ఇదివరకటి ఊపు లేదు. ఒకప్పుడు మూడు రాత్రులు పడుకోకుండా తొమ్మిది కాన్వాసులు వేశా. మాత్రలు ఆపేద్దామనుకుంటున్నా.

డాక్టర్ సలహా: మీరంతట మీరు మాత్రం ఆపకండి, దయచేసి. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కూడా పెరిగే ప్రమాదం ఉంది.

చెయ్యి వణకడం మీ భ్రమ కాదు, లిథియంతో చాలామందికి వస్తుంది, బొమ్మలేసేవాళ్లకి అది ఎంత బాధో నాకు తెలుసు. దీనికి దారుంది. ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి రక్తం ఇచ్చి అందులో లిథియం లెవెల్ చూపించుకోండి, ఎక్కువుంటే మీ డాక్టర్ డోసు తగ్గిస్తారు, అప్పటికీ తగ్గకపోతే, ఆస్తమా లేనివాళ్లకి ప్రొప్రనలాల్ లాంటి మాత్ర ఇస్తారు. మణికట్టు నొప్పి అని మెడికల్ షాపులో బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి, అవి లిథియం లెవెల్‌ని పెంచేస్తాయి. మన గుంటూరు ఎండలకి చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినా అంతే, అందుకే నీళ్లు బాగా తాగండి, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేయకండి. వణుకు బాగా ఎక్కువై వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట తడబడటం ఉంటే మాత్రం తర్వాతి డోసు వేసుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

ఇక ఊపు సంగతి. లిథియం వల్ల థైరాయిడ్ గ్రంథి పనిచేయడం తగ్గొచ్చు, అప్పుడు మనిషి మొద్దుబారినట్టు ఉంటాడు, లేదా ఇది డిప్రెషనే కావచ్చు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించకుండా నేరం మందు మీద వేయొద్దు. 1979లో మోగెన్స్ షౌ అనే డెన్మార్క్ డాక్టర్ లిథియం వాడుతున్న 24 మంది కళాకారుల్ని అడిగితే 12 మంది పని పెరిగిందన్నారు, ఆరుగురు తేడా లేదన్నారు, ఆరుగురు తగ్గిందన్నారు. ఆ ఆరుగురి బాధ నిజమే, మీరూ వాళ్లలో ఒకరై ఉండొచ్చు, అప్పుడు డోసో మందో మార్చుకోవాలి గానీ మొత్తానికి మానేయకూడదు. ఆ తొమ్మిది కాన్వాసుల్లో ఎన్ని పూర్తయ్యాయి, ఎన్నింటి మీద సంతకం పెట్టారు, ఆ తర్వాత ఎన్ని నెలలు బ్రష్ ముట్టలేదు, ఒక్కసారి లెక్క చూసుకోండి.

రాత్రి మూడు నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకుండా ఉంటే అది ఊపు కాదండీ, జబ్బు మొదలు. రెండో రాత్రీ అలాగే ఉంటే ఇంట్లోవాళ్లే డాక్టర్‌కి ఫోన్ చేసేలా ఇప్పుడే చెప్పి ఉంచండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి వెళ్లేటప్పుడు ఒక పేపర్ మీద అదే కనురెప్ప గీత పొద్దున ఒకటి, మాత్ర వేసుకున్న రెండు గంటలకి ఒకటి, వారం రోజులు గీసి తేదీలు వేసి తీసుకెళ్లండి. చెయ్యి ఏ టైంలో ఎంత వణుకుతోందో మీ డాక్టర్‌కి అందులోనే కనిపిస్తుంది.