ఇంటర్వ్యూ బట్టలు అద్దం ముందు కాదు, కుర్చీలో చూసుకో

అల్లుడా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే గురువారం రాయదుర్గం దగ్గర ఏదో ఆఫీసులో నీకు ఇంటర్వ్యూ అట, బట్టలకు ఐదు వేలు అడిగినవట. మొదటి ఉద్యోగం, అడగడంలో తప్పు లేదు, కానీ ఆ డబ్బు జేబులో పెట్టుకుని ఏ మాల్‌కో ఉరికే ముందు ఇది చదువు. అక్కడ ఏం ప్రశ్నలు అడుగుతారో నాకు తెలియదు గానీ, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లకు పైగా మిషన్ తొక్కుతున్నా కాబట్టి ఇంటర్వ్యూకి పోయేవాళ్ల ఒంటి మీద ఏది నిలబడుతుందో ఏది పరువు తీస్తుందో మాత్రం తెలుసు.

షాపు పెట్టిన కొత్తలో నా దోస్తు ఒకడికి ఇంటర్వ్యూ ప్యాంటు కుట్టిచ్చిన. అద్దం ముందు నిలబెడితే హీరోలాగ ఉన్నాడు, నేనూ మురిసిపోయిన. కూర్చోబెట్టి చూడలేదు. సీటు దగ్గర గుడ్డ బిగువుగా పెట్టి ఒకటే కుట్టు వేసి వదిలేసిన. వాడు బస్సెక్కి కూర్చోంగనే వెనక రెండంగుళాలు విచ్చుకుంది. ఇంటర్వ్యూ గదిలోకి ఫైలు వెనక అడ్డం పెట్టుకుని పోయి, వచ్చేటప్పుడు నమస్కారాలు పెట్టుకుంటూ తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచి వచ్చిండట. ఆ ఉద్యోగం రాలేదు. ప్యాంటు వల్లే పోయిందని వాడు ఏనాడూ అనలేదు గానీ, ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా నా ముందు కుర్చీ లాక్కుని “ఇందులో కూర్చోవచ్చా టైలర్ సాబ్?” అని అడుగుతాడు.

అప్పటి నుంచి నా షాపులో అద్దానికి ఎదురుగా ఒక ఇనుప కుర్చీ ఉంటుంది. ఇంటర్వ్యూ జరిగేది కూర్చుని కదా. నువ్వు నిలబడేది తలుపు నుంచి కుర్చీ దాకా నాలుగడుగులు, మిగతా అరగంట వాళ్లకు కనిపించేది కూర్చున్న నువ్వే. మరి ట్రయల్ రూంలో అందరూ నిలబడి, పొట్ట లోపలికి పీల్చి, పక్కకు తిరిగి చూసుకుని బిల్లు కట్టేస్తారు. నువ్వు అట్ల చేయకు. రూంలో స్టూలు లేకపోతే బయట బెంచీ మీదన్నా కూర్చుని చూడు, సిగ్గుపడకు.

కూర్చున్నాక ముందు చూడాల్సింది షర్ట్ మూడో గుండీకి, నాలుగో గుండీకి మధ్య. అక్కడ గుడ్డ చేప నోరు తెరిచినట్టు తెరుచుకుని బనియన్ కనిపిస్తే ఆ షర్ట్ నీది కాదు, ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోకు. కాలర్ గుండీ పెట్టుకున్నాక లోపల రెండు వేళ్లు దూరాలి. రెడీమేడ్ ఫార్మల్ షర్ట్ మీద ఉండే 39, 40, 42 అనే అంకెలు మామూలుగా కాలర్ చుట్టుకొలత సెంటీమీటర్లలో, చాలామంది ఛాతీ అనుకుంటారు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. ఇది ఒక్కటి పట్టుకో, ఎందుకంటే నడుము వదులైతే నేను పావుగంటలో లోపలికి పట్టేస్తా, చేతులు పొడుగైతే కురచ చేస్తా, భుజం తప్పితే మాత్రం షర్ట్ మొత్తం విప్పి మళ్లీ కుట్టినంత పని, ఆ కూలికి ఇంకో షర్టే వస్తుంది.

ప్యాంటు సంగతి. మీ వయసు పిల్లలంతా తొడలకు అంటుకుపోయే ప్యాంట్లు వేస్తున్నారు, మీ అత్త దాన్ని రబ్బరు లాగు అంటుంది. కూర్చున్నప్పుడు తొడ మీద గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుంటే అంగుళం చేతికి రావాలి. జేబులు చెవుల్లాగ బయటికి తెరుచుకోవద్దు. కూర్చుంటే బాటమ్ ఎట్లాగూ పైకి పోతుంది, అప్పుడు కనిపించాల్సింది సాక్సు, కాలి వెంట్రుకలు కాదు. కాబట్టి పిక్క సగం దాకా వచ్చే నల్ల సాక్సులు కొను, మడమ దగ్గరే ఆగిపోయేవి ఆటలకు పెట్టుకో. బెల్టు, బూట్లు ఒకే రంగువి అయితే ఇంక ఆలోచించే పని లేదు. బూట్లు కొత్తవి కొంటే ఈరోజే కొని ఇంట్లో రోజూ గంట సేపు తొడుక్కుని తిరుగు. కొత్త బూటు కరిస్తే మొహంలో తెలిసిపోతుంది.

రంగు అంటావా, లేత షర్ట్, ముదురు ప్యాంటు, అంతే. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి నన్నడిగితే తెల్లదే తీసుకో. నీలం, బూడిద రంగు షర్టుల మీద చంక కింద చెమట మచ్చ మ్యాపు గీసినట్టు కనిపిస్తుంది, తెల్లదాంట్లో అంత తెలియదు. గుడ్డ మాత్రం పల్చగా ఉండొద్దు, లోపల అరచేయి పెట్టి చూడు, వేళ్లు లెక్కపెట్టగలిగితే పక్కన పెట్టెయ్. లినెన్ చూడ్డానికి దొర బట్టే గానీ నువ్వు చౌటుప్పల్ దాటేసరికి నలిగి ఉండలైపోతుంది. కాటన్‌లో కొంచెం పాలిస్టర్ కలిసినది తీసుకో, ముడత తక్కువ.

కోటు వద్దు. అడిగితే తప్ప వద్దు. దోస్తు పెళ్లి కోటు అరువు తెచ్చుకుంటానంటే ఇంకా వద్దు. ఎప్పుడైనా కొంటే వెనక చీలిక దగ్గర ఇంటూ మార్కులాగ దారం వేసి ఉంటుంది, చేతి మీద కంపెనీ గుడ్డ ముక్క కుట్టి ఉంటుంది. అవి షాపులో పాడవకుండా వేసే కచ్చా కుట్లు, తీసేయడానికే. అవి అట్లనే ఉంచుకుని తిరిగేవాళ్లను నేను రిసెప్షన్లలో ఎంతమందిని చూసిన్నో, ఒకసారైతే జేబులో కత్తెర ఉంది కదా అని వెనక నుంచి పోయి కత్తిరించబోయిన, మీ అత్త చేయి పట్టుకుని ఆపింది.

పోచంపల్లి షర్ట్ వేసుకుంటే మన ప్రాంతం బట్ట అని బాగుంటుంది కదా మామా, అని పోయిన దసరాకు అడిగినవు. నాకూ ఇష్టమే, మన పక్క పుట్టపాకలో నేసే ఇక్కత్ బట్ట తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చినప్పుడు షాపులో మిఠాయి పంచిన మనిషిని. కానీ పెద్ద పెద్ద ఇక్కత్ డిజైన్ ఛాతీ మీద ఉంటే ఎదుటివాళ్ల కళ్లు దాని మీదికే పోతాయి. ఉద్యోగం వచ్చాక వేసుకో, నేనే కుట్టిస్తా. ఆడపిల్లలకు అయితే వేరే లెక్క. మీ వదిన లెక్చరర్ పోస్టుకు పోయినప్పుడు నారాయణపేట కాటన్ చీరే కట్టింది, ఎంత హుందాగా ఉందో. అయితే తనకు రోజూ చీర అలవాటు. నీ చెల్లెకు అలవాటు లేదు, ఆమె వంతు వచ్చినప్పుడు మంచి చుడీదారు చాలని చెప్పు, చున్నీకి భుజం మీద పిన్ను పెట్టుకోమను. చీర కొంగు సర్దుకుంటూ జవాబు చెప్పడం కష్టం.

ఇక ప్రయాణం. మీ నాన్న గ్రూప్-1 రోజుల మనిషి, ఇంటి నుంచే టిప్‌టాప్‌గా తయారై పోవాలంటాడు. ఆ గ్రూప్-1కే 2022లో ఇంటర్వ్యూలు తీసేశారని చెప్పు. మన దగ్గర నుంచి వంద కిలోమీటర్లు బస్సులో, ఎల్బీనగర్‌లో దిగి మెట్రో, అమీర్‌పేటలో మారి రాయదుర్గం. అంత దూరం ఇస్త్రీ షర్ట్ వేసుకుని పోతే వీపంతా సీటు అచ్చు పడుతుంది. టీషర్టుతో ఎక్కు. షర్టును హ్యాంగర్‌కు వేసి, కవర్ తొడిగి, బస్సు కిటికీ కొక్కేనికి కాదు, చేతికే పట్టుకో. గంట ముందు చేరి, ఎక్కడన్నా టిఫిన్ సెంటర్‌లో చాయ్ తాగి, బాత్‌రూం ఉందా అని అడిగి అక్కడ మార్చుకో. చాయ్ ముందు, షర్ట్ తర్వాత. ఇస్త్రీ ముందురోజు రాత్రే చేయించు, బొగ్గుల ఇస్త్రీ బండి అయితే పక్కనే నిలబడు. ఒక్క నిప్పు రవ్వ పడిందంటే తెల్ల షర్ట్‌కు మందు లేదు. ఒక విడి గుండీ, తెల్లదారం ఎక్కించిన సూది పర్సులో పెట్టుకో.

ఐదు వేలల్లో సగం మిగలాలి నీకు. కొన్నవి ఏవైనా ఆదివారం సాయంత్రంలోపు షాపుకు తీసుకురా, కురచ చేసేవి, పట్టేవి అన్నీ కూర్చోబెట్టి చూస్తా. బూట్లు మాత్రం మర్చిపోకు, అవి కాళ్లకు లేకుండా ప్యాంటు పొడుగు నేను కొలవను.

మీ మామ