రీరికార్డింగ్ కబుర్లు: గాంధీ నుంచి నీలి తిమింగలం దాకా

నేపథ్య సంగీతం మీద ఏమైనా అడగండి అన్నాను పోయిన నెల. వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒక్క మనిషి చుట్టూనే తిరిగాయి. ఆయన ఇంగ్లండు సంగీత దర్శకుడు జార్జ్ ఫెంటన్. టీవీలో 'గాంధీ' సినిమా మళ్లీ వేశారేమో మరి. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆయనకే.

'గాంధీ' టైటిల్స్‌లో రవిశంకర్ పేరుతో పాటు జార్జ్ ఫెంటన్ అని పడుతుంది. అంత పెద్ద విద్వాంసుడు ఉండగా ఇంకొకరు ఎందుకు మాస్టారూ? (ఒక రిటైర్డ్ టీచరు)

రవిశంకర్‌కి చేతకాక కాదండి. 'పథేర్ పాంచాలి'కి సంగీతం ఇచ్చింది ఆయనే. 1971లోనే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో సితార్ కన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా సితార్ ముందు నడిచే రచన) రికార్డు చేసినవారు. కానీ ఈ సినిమా మూడు గంటల పైన నడుస్తుంది. 1948 హత్యతో మొదలై, వెనక్కి వెళ్లి దక్షిణాఫ్రికా రైలు ప్లాట్‌ఫారం దగ్గర ఎత్తుకుని మళ్లీ 1948 దాకా వస్తుంది. అందులో సితార్ పలకాల్సిన చోట్లున్నాయి, తెల్లదొరల లోకం పలకాల్సిన చోట్లూ ఉన్నాయి. రెంటినీ అతుకు కనిపించకుండా కుట్టాలి. దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో ఆ పనికి ఇద్దర్ని కలిపాడు.

ఇక్కడ నాకు నచ్చేది ఒకటుంది. అప్పటికి ఫెంటన్ నాటకాలకీ టీవీకీ పనిచేస్తున్న కుర్రాడు, అంత పెద్ద సినిమా చేతికి రావడం అదే మొదలు. ఆ వయసులో ఎవరికైనా తన వాయిద్యమే గట్టిగా వినిపించాలని ఉంటుంది. ఈయన పెద్దాయనకి చోటు వదిలాడు. ఐదేళ్ల తర్వాత అదే దర్శకుడు దక్షిణాఫ్రికా కథతో 'క్రై ఫ్రీడమ్' తీసినప్పుడు కూడా అంతే. ఆ దేశం నుంచి ప్రవాసంలో ఉన్న ట్రాంబోన్ విద్వాంసుడు జోనాస్ గ్వాంగ్వాతో కలిసి చేశాడు. ఎవరి ఊరి పాట వాళ్ల నోటనే బాగుంటుందని తెలిసిన మనిషి.

నేను కీబోర్డు నేర్చుకుంటున్నాను. మ్యూజిక్ కాలేజీలో సీటు రాలేదని ఇంట్లో టెన్షన్. ఫెంటన్ ఎక్కడ చదువుకున్నారు? (ఇంటర్ విద్యార్థి)

ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ ఎడ్వర్డ్స్ అనే స్కూల్లో. అక్కడ ఆర్గాన్ నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఏమయ్యాడో తెలుసా? నటుడు! 1968లో లండన్ నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో అలన్ బెనెట్ నాటకం 'ఫార్టీ ఇయర్స్ ఆన్'లో స్కూలు పిల్లవాడి వేషం వేశాడు. హెడ్మాస్టరు వేషం పేరున్న నటుడు జాన్ గీల్‌గుడ్‌ది. 1974లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 'ట్వెల్త్ నైట్' వేసినప్పుడు సంగీతం ఇచ్చే పని దొరికింది. అక్కడి నుంచి ఇటు తిరిగాడు.

సంగీతానికి నటన ఏం సాయం చేస్తుందని అడుగుతావేమో. చాలా చేస్తుంది. వేదిక మీద నిలబడినవాడికి పక్కవాడు డైలాగు చెబుతుంటే తాను కదలకూడదని తెలుస్తుంది. మా వయొలిన్ వాళ్లలో సగంమందికి ఆ సంగతి రిటైరయ్యేదాకా తెలియలేదు, నాతో కలిపి.

అలాగని సీటు రాకపోవడం మంచిదే అని మీ ఇంట్లో నా పేరు చెప్పకు. నొటేషన్ చదవడం, రాయడం మాత్రం ఎక్కడో ఒకచోట గట్టిగా నేర్చుకో. లండన్‌లో రికార్డింగ్ సెషన్ అంటే మూడు గంటలు. వాయించేవాళ్లు కాగితం ముందు పెట్టగానే చూసి వాయించేస్తారు. అందులో తప్పు రాసుంటే తప్పే వినిపిస్తుంది.

ఆయనకు ఆస్కార్ వచ్చిందా?

రాలేదు. నామినేషన్లు ఐదు: 'గాంధీ', 'క్రై ఫ్రీడమ్'‌కి రెండు (సంగీతానికొకటి, పాటకొకటి), 'డేంజరస్ లియాజాన్స్', 'ది ఫిషర్ కింగ్'. 'గాంధీ' ఆ ఏడు ఎనిమిది ఆస్కార్లు ఎత్తుకుపోయింది గానీ సంగీతం బహుమతి జాన్ విలియమ్స్ 'ఈటీ'కి వెళ్లింది. నేనైతే ఏమీ బాధపడను, 'ఈటీ' అంత బాగుంటుంది.

సముద్రాల మీద వచ్చిన టీవీ సీరియల్ 'ది బ్లూ ప్లానెట్'లో తిమింగలం పైకి లేచే క్షణానికే సంగీతమూ లేస్తుంది. తిమింగలానికి తాళం తెలీదు కదా! ఎలా కుదురుతుంది? (ఒక గృహిణి)

మంచి ప్రశ్న వేశారమ్మా. బొమ్మ ఎడిటింగ్ అయ్యాకే సంగీతం రాస్తారు. మిగతాది చిన్నపిల్లల లెక్క. నిమిషానికి 120 తాళం దెబ్బల వేగం అనుకోండి. దెబ్బకి అర సెకను. తిమింగలం సరిగ్గా 37వ సెకను దగ్గర లేచిందనుకుందాం. అప్పటికి 74 దెబ్బలు అయిపోయి 75వది పడుతుంది. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు వేసుకుంటూ పోతే అది 19వ ఆవర్తంలో మూడో దెబ్బ. ఆవర్తంలో బరువంతా మొదటి దెబ్బ మీదే ఉంటుంది. అంత పెద్ద ప్రాణి మూడో దెబ్బ మీద లేస్తే ఏం బాగుంటుంది? అందుకని ముందెక్కడో ఒకచోట రెండు దెబ్బల ఆవర్తం ఒకటి ఇరికిస్తారు. ఇక అది 20వ ఆవర్తం మొదటి దెబ్బ మీద దర్జాగా లేస్తుంది. వినేవాళ్లకు ఆ ఇరికించింది తెలియకుండా రాయడంలోనే ఉంది పనితనం.

వాయించేటప్పుడు అందరి చెవుల్లో హెడ్‌ఫోన్ ఉంటుంది, అందులో తాళం వేగం చెబుతూ టిక్ టిక్ మని క్లిక్ వస్తుంటుంది. ఒకసారి నా హెడ్‌ఫోన్‌లో క్లిక్ మధ్యలో ఆగిపోయింది. భయపడి పక్కాయన విల్లు చూస్తూ లాగించాను. తీరా చూస్తే ఆయనదీ ఆగిపోయిందట, ఆయన నన్ను చూసి వాయించాడు! టేక్ మళ్లీ చేశారు, తిట్లు విడిగా.

ఇక 'బ్లూ ప్లానెట్' సంగతి. 2001లో బీబీసీలో వచ్చింది, ఎనిమిది భాగాలు. వాయించింది బీబీసీ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా. వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరో. 'గాంధీ' తీసిన రిచర్డ్‌కి సొంత తమ్ముడు. అన్నకి మనుషుల సినిమాలు, తమ్ముడికి జంతువుల సినిమాలు, ఇద్దరికీ వాయిద్యం ఈయనే. నీటి అడుగున తీసిన బొమ్మకి వాడుకోదగ్గ చప్పుడు పెద్దగా దొరకదు. గాలి ఉండదు, అడుగుల సవ్వడి ఉండదు. అంచేత ఇలాంటి సీరియల్లో సంగీతం మోసే బరువు మామూలు సినిమాలో కంటే ఎక్కువ. ఇక్కడ ఫెంటన్ వెనక్కి తగ్గలేదు, నిండు ఆర్కెస్ట్రాని, గాయక బృందాన్ని దించాడు. బ్రిటన్ వాళ్ల బాఫ్టా, అమెరికా వాళ్ల ఎమ్మీ బహుమతులు రెండూ వచ్చాయి. ఆ సముద్రపు బొమ్మలతోనే 2003లో 'డీప్ బ్లూ' అనే సినిమా కట్టారు. దానికి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది, ఆర్కెస్ట్రాని నడిపించింది (కండక్టింగ్) ఈయనే. 2006లో 'ప్లానెట్ ఎర్త్', 2011లో 'ఫ్రోజెన్ ప్లానెట్' కూడా ఆయనవే.

వీటి మధ్య చిల్లర పనులు కూడా చేశాడు, చిల్లర అంటే నిడివిలో. బీబీసీ 'న్యూస్‌నైట్' అనే వార్తల కార్యక్రమం మొదట్లో వినిపించే బాణీ ఆయనదే. కొన్ని సెకన్ల ముక్క. కానీ బ్రిటన్‌లో 1914 నుంచి ఒక హక్కుల సంఘం ఉంది, ఇప్పుడు పీఆర్‌ఎస్ అంటారు. ప్రసారమైన సంగీతానికి డబ్బు వసూలు చేసి రాసినవాళ్లకు పంచుతుంది. రోజూ వచ్చే కార్యక్రమానికి ముక్క రాయడం అంటే ఇంటి వెనక కొబ్బరిచెట్టు వేసినట్టే.

'ఐ, డేనియల్ బ్లేక్' చూశాను. సినిమా అంతా వెతికినా సంగీతం దాదాపు లేదు. మరి ఫెంటన్‌కి డబ్బులు ఎందుకిచ్చినట్టు? (పేరు రాయలేదు)

పేరు రాయకపోయినా మీరు అకౌంట్స్ విభాగం మనిషని అర్థమైంది.

ఆ సినిమా దర్శకుడు కెన్ లోచ్. 1994లో 'లేడీబర్డ్ లేడీబర్డ్' దగ్గర్నుంచి ఆయనకి వరసగా ఫెంటనే. పైగా ఆ దర్శకుడికి సంగీతం అంటే అనుమానం. న్యూకాసిల్‌లో గుండెజబ్బు వచ్చిన వడ్రంగి, ప్రభుత్వ భత్యం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు, ఫోన్ లైన్లో కాచుకుని కూర్చుంటాడు. ఇదీ ఆ సినిమా కథ. అక్కడ మనం వయొలిన్లు ఏడిపించామనుకోండి, చూసేవాడు హాయిగా ఒక కన్నీటిచుక్క కార్చి, తన బాధ్యత తీరిందని వెళ్లిపోతాడు. వాయించకపోతే ఆ మనిషితో పాటు ఫోన్ లైన్లో కూర్చోవాల్సిందే. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ అసలు ముట్టుకోకూడదు అని దర్శకుడూ సంగీత దర్శకుడూ బొమ్మ చూసుకుంటూ తేల్చుకుంటారు. నన్నడిగితే మొత్తం పనిలో కష్టమైనది అదే. సముద్రానికి నిండు ఆర్కెస్ట్రా రాసిన చెయ్యి వడ్రంగి దగ్గర ముడుచుకుని కూర్చోవడం సులభం కాదు. 2016లో ఆ సినిమాకి కాన్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి 'పామ్ డోర్' వచ్చింది.

నా సంగతి చెబుతాను. ఒక సినిమా ఆర్‌ఆర్‌కి (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం వాయించి రికార్డు చేయడం) పొద్దున తొమ్మిదింటికల్లా ముప్ఫైమందిమి వయొలిన్లు శ్రుతి చేసుకుని కూర్చున్నాం. తల్లి చనిపోయే సీను. రెండుసార్లు వాయించాం. సంగీత దర్శకుడు బొమ్మ ఇంకోసారి వేయించుకుని చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఈ సీనుకి ఏమీ వద్దు, ఇళ్లకు వెళ్లండి" అన్నాడు. పెట్టెలు సర్దుకున్నాం. మేనేజరు అందరికీ పూర్తి కాల్‌షీటు డబ్బులిచ్చాడు.