నువ్వు ఎటు కూర్చున్నావో ముందు చెప్పు

తమ్ముడూ,

ఆ బోర్డు గేము మీద నువ్వు రాసిన రివ్యూ రెండుసార్లు చదివాను, రాత్రి ఒకసారి, పొద్దున ఉగ్గాణి తింటూ ఇంకోసారి. చెయ్యి తిరుగుతోంది నీకు, అందులో అనుమానం లేదు. కానీ "నిష్పక్షపాతంగా చెప్పాలంటే" అని మూడు చోట్ల రాశావు, నువ్వు బెంగళూరులో బోర్డు గేములు చేసే కంపెనీలో ప్లేటెస్టింగ్, అంటే గేము బయటికి రాకముందే ఆడించి చూసే పని, చూస్తున్నావని మాత్రం ఒక్క చోటా రాయలేదు. పైగా నువ్వు ఉతికి ఆరేసింది మీకు పోటీగా ఉన్న వాళ్ల ఆటని. సంగతి తెలిసినవాడు చదివాడంటే ఆ మూడు ముక్కలూ నీ మీదికే తిరుగుతాయి.

కర్నూలు పక్కన మా ఊళ్లో, రచ్చబండ మీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడేవాళ్లు, 3 పులులు, 15 మేకలు. పులుల వైపు కూర్చున్న పెద్దాయన ఓడిపోతూ "ఈ ఆటలో అంతా మేకలకే అనుకూలం" అని గొణిగేవాడు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు, ఆయన ఎటు కూర్చున్నాడో అందరికీ కనపడుతోంది కాబట్టి. నువ్వు ఎటు కూర్చున్నావో నీ రివ్యూ చదివేవాడికి కనపడదు.

జర్మనీలో ఆ ఏటి మేటి గేముకి 1979 నుంచి ఇస్తున్న ష్పీల్ డెస్ యారెస్ అవార్డుకి జ్యూరీలో విమర్శకులే ఉంటారు, గేములు తయారుచేసేవాళ్లకీ అమ్మేవాళ్లకీ చోటు లేదు. అంతమంది విమర్శకులున్న చోట అలా గీత గీయొచ్చు. మన తెలుగులో ఈ గేముల గురించి రాసేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అందులో నీలాగా, నాలాగా ఆ పనిలోనే ఉన్నవాళ్లని తీసేస్తే ఇక మిగిలేదెవరు? అందుకే రాయొద్దు అనను. 2023 జనవరిలో మన కేంద్ర వినియోగదారుల శాఖ సోషల్ మీడియాలో వస్తువుల్ని మెచ్చుకునేవాళ్ల కోసం కొన్ని సూచనలు ఇచ్చింది, డబ్బు ఒక్కటే కాదు, ఊరికే వచ్చిన వస్తువైనా, ఉద్యోగమైనా, చుట్టరికమైనా సరే చెప్పి తీరాలని. అది మెచ్చుకోవడానికి పెట్టిన మాట. తిట్టడానికి ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నా లెక్క.

నేనూ ఈ పని చేసినవాణ్ణే. వేలంపాట మీద ఒక గేమ్ రెండేళ్లుగా చేస్తూ ఉన్నా, అంతలో వేరేవాళ్లు దాదాపు అలాంటిదే మార్కెట్లోకి తెచ్చారు. కడుపు మండింది. రివ్యూ రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు, ఇప్పటికీ ఏ వాక్యమూ వెనక్కి తీసుకోను. కానీ అది చదివి అనంతపురం నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు, "ఏందన్నా, ఆయప్ప నీకేమన్నా బాకీ ఉండాడా?" అని. మళ్లీ చదువుకుంటే తెలిసింది. వాళ్ల రూల్ బుక్కులో అచ్చుతప్పుల మీద నాలుగు లైన్లు రాశాను, అంతకు నెల ముందు ఒక దోస్తు గేములో అవే తప్పుల్ని "చిన్న చిన్న పొరపాట్లు" అని దాటేశాను. నిజాలు రెండు చోట్లా నిజాలే, గొంతే మారింది. అప్పట్నుంచి ఏది రాసినా వాళ్ల కంపెనీ పేరు తీసి నా పేరు పెట్టుకుని ఒకసారి చదువుతాను. ఎక్కడ చురుక్కుమంటుందో అక్కడ, తప్పు గేముదా నాదా అని ఆగి చూసుకుంటాను.

పనిలో ఉన్నవాడికి ఇంకో జబ్బు ఉంది, అది దీనికంటే పెద్దది. కార్డుల అట్ట 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది) వేయిస్తే ఖర్చెంత, టోకెన్ బిళ్లలు కోసే అచ్చుకి ఎంత అడుగుతారు, ఇవన్నీ తెలుసు కాబట్టి "పాపం, ఈ ధరలో ఇంతకంటే ఏం ఇస్తారు" అని వెనకేసుకొస్తాం. రెండు వేలు పెట్టి కొన్నవాడికి ఆ పాపంతో ఏం పని? వాడి పెట్టెలో కార్డులు పది ఆటలకే అంచులు చిట్లిపోతే చిట్లిపోయాయనే రాయాలి. అలాగే, "ఈ మెకానిజం పాతదే" అని, అంటే ఆట నడిచే పద్ధతి పాతదని, నువ్వు పెదవి విరిచావు. నీకు పాతది. కడపలో మొదటిసారి పెట్టె విప్పేవాడికి కాదు.

"డిజైనర్‌కి ఆటంటే ఏంటో తెలీదు" అన్న వాక్యం కొట్టెయ్. ఆయన గురించి నీకేం తెలుసు? "నలుగురం ఆడితే మూడో రౌండుకే గెలిచేది ఎవరో తేలిపోయింది, మిగతా ముప్పావుగంట ముగ్గురం ఊరికే కార్డులు వేశాం" అని రాయి, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, ఆయనకి కూడా పనికొస్తుంది. ఎన్నిసార్లు ఆడావు, ఎంతమందితో, రూల్స్ ఎవరు చదివి చెప్పారు, అదీ రాయి. ప్రొద్దుటూరులో మీ పిన్ని వాళ్లతో ఆడించావని, అరగంట రూల్స్ విన్నాక ఆమె "ఇంతకీ ఆట ఎప్పుడు మొదలైతాది నాయనా" అని అడిగిందని ఫోన్లో చెప్పి పడీపడీ నవ్వావే, అది రివ్యూలో ఏది? నాలుగు పేరాల్లో నువ్వు చెప్పలేనిది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

మార్కులు పదికి నాలుగో అయిదో, నీ ఇష్టం, దాని గురించి నేనేం అనను.

తిరగరాసి పంపు. అన్నట్టు, నా వేలంపాట గేమ్ ఎట్టకేలకు ఈ దసరాకి వస్తోంది. నీకు కాపీ పంపను, కావాలంటే కొనుక్కో. దాని మీద రాయాలనిపిస్తే, నన్ను అన్నా అని పిలుస్తావన్న సంగతి మొదటి లైన్లో పెట్టి, ఆ తర్వాత ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు.

మీ అన్న,
కర్నూలు