టెక్ సందేహాలు: నవల నాలుగు భాగాలు, మూలప్రతి ఒక్కటే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంతంగా పుస్తకాలు వేసుకుంటున్నవాళ్లవే. మొదటిది కావలి దగ్గర పల్లె నుంచి, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాష్టారు రాసినది. దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆయన కష్టం చాలామందిది.

ప్రశ్న: నాలుగు భాగాల నవల మొదలుపెట్టాను. మొదటి భాగం రెండేళ్ల కిందట డీటీపీ చేయించి, సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్నా. 60 మిగిలాయి. రెండో భాగం మా మనవరాలు నేర్పిస్తే ఫోన్లోనే టైపు చేశా. మూడోది సగంలో ఉంది. ఇప్పుడు మొదటి రెండూ ఈ-బుక్ చేద్దామని పాత ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా పిచ్చి ఇంగ్లిషు. ఫైలు పాడైపోయిందా? 280 పేజీలూ మళ్లీ టైపు చేయించాల్సిందేనా?

మాష్టారూ, ఫైలు పాడవలేదు. మీ మొదటి భాగం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో చేసి ఉంటారు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి అదే. ఆ ఫైల్లో నిజానికి తెలుగు ఉండదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే ఉంటాయి. అను ఫాంటు వాటిని తెలుగు బొమ్మలుగా చూపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో బొమ్మలు పోయి సంకేతాలు బయటపడతాయి. మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్. అందులో ‘క’ అంటే ఏ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్లోనైనా ‘క’యే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. పేజ్‌మేకర్‌కు మాత్రం దాని ఆఖరి వెర్షన్ వచ్చిన 2001 దాకా కూడా యూనికోడ్ తెలియదు. అందుకే మీ రెండు భాగాలూ ఒకదానితో ఒకటి కలవడం లేదు.

ముందు డీటీపీ చేసినవారి దగ్గరకెళ్లి అసలు పేజ్‌మేకర్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకండి. మీ చేతిరాత ప్రతి కన్నా ఆ ఫైలే ముఖ్యం. ఎందుకో చెబుతాను. ప్రూఫులు దిద్దేటప్పుడు, అచ్చుకు పోయే ముందు రోజు సెంటర్లో ఆపరేటర్ పక్కన కూర్చుని మీరు మార్పించిన వాక్యాలు ఉంటాయి కదా, అవి అచ్చు పుస్తకంలో, ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మా మేనమామ కథల పుస్తకం విషయంలో ఇది నేను కళ్లారా చూశాను. అప్పట్లో ఫైలు ఫ్లాపీలో ఉండేది. సెంటరు మూతపడింది, ఫ్లాపీ తెరుచుకోలేదు. ఆయన చివర్లో మార్చిన రెండు కథల ముగింపులు ఇప్పుడు చిరిగిపోతున్న ఒక్క అచ్చు ప్రతిలోనే ఉన్నాయి. ఈ పని వాయిదా వేయకండని మిమ్మల్ని బతిమాలుతున్నది అందుకే.

ఫైలు దొరికాక అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో ఒక్కో అధ్యాయమే వేయండి. పుస్తకమంతా ఒకేసారి వేస్తే తప్పులు ఎక్కడ పడ్డాయో పట్టుకోలేరు. వత్తులు, కొటేషన్ గుర్తులు, అంకెలు జాగ్రత్తగా చూడండి. కథలో ఎక్కడైనా ఇంగ్లిషు మాటలు ఇంగ్లిషు లిపిలోనే రాసి ఉంటే కన్వర్టరు వాటినీ అను సంకేతాలే అనుకుని అర్థంలేని తెలుగు చేసేస్తుంది. మనవరాలు అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదువుతుంటే మీరు తెర మీద చూస్తూ దిద్దండి. రోజుకు పది పేజీలు చూసినా నెల తిరక్కుండా అయిపోతుంది.

అసలు ఫైలే లేదంటారా? అచ్చు పేజీలను వెలుతురులో శుభ్రంగా స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలను అది గుర్తుపడుతుంది. మ-య, వ-ప, ధ-థ దగ్గర తడబడుతుంది, దిద్దుకోవాలి. అయినా 280 పేజీలు మళ్లీ కొట్టించడం కంటే చాలా నయం.

ఇక మీరు అడగనిది ఒకటి చెబుతాను. నాలుగు భాగాల నవలకు అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ఇకపై మీకు మూలప్రతి అంటే భాగానికి ఒక్క యూనికోడ్ ఫైలే. అచ్చుకిచ్చే పీడీఎఫ్, ఈ-బుక్, మిత్రులకు పంపే ప్రతి అన్నీ దాని నుంచే పుట్టాలి. ఏ దిద్దుబాటైనా ముందు మూలప్రతిలో చేసి, పీడీఎఫ్ మళ్లీ తీయించండి. డీటీపీ సెంటర్లో పేజీ మీద నేరుగా దిద్దించారో, మూలప్రతి ఆ రోజే పాతబడిపోతుంది. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ ఉంది. ‘మొదటి ముద్రణకు ఇచ్చినది’ అని ఆ రోజు ప్రతికి పేరు పెట్టుకుంటే పదేళ్ల తర్వాత కూడా దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

పేర్ల పట్టిక కూడా ఒకటి పెట్టుకోండి. పాత్ర పేరు, ఊరు, ఏ భాగంలో ఎంత వయసు, ఎవరికి ఏమవుతారు అన్నవి షీట్స్‌లో రాసుకుంటే చాలు. మొదటి భాగంలో మేనత్త అయిన ఆవిడ మూడో భాగానికి పినతల్లి కాకుండా ఉంటుంది. వెతుకులాటలో ఒక చిక్కుంది, తెలుగు రాసేవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. స్టోన్‌హౌస్‌పేట అని టైపు చేసేటప్పుడు ‘న్’ పొల్లుకూ ‘హౌ’కూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉంటే పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. లేకపోతే కిందికి వత్తుగా దిగి ‘స్టోన్హౌస్పేట’ అవుతుంది. కంప్యూటరు లెక్కలో ఇవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. ‘ఐ’త్వంతోనూ ఇదే గొడవ. దాన్ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వానికి కింద గుర్తు చేర్చి రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. కన్వర్టర్ నుంచి వచ్చిన మొదటి భాగంలో ఒక రకం, మీ ఫోన్ నుంచి వచ్చిన రెండో భాగంలో మరో రకం ఉండొచ్చు. కాబట్టి వెతికేటప్పుడు పేరును టైపు చేయకుండా ఆ భాగంలోంచే కాపీ చేసి వెతుకులాట పెట్టెలో అతికించండి. అక్కడే అన్నీ ఒక రూపానికి మార్చేసుకోండి.

ఈ-బుక్ తయారీకి డబ్బు ఖర్చు లేదు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో 2018లో వచ్చిన 6.0 నుంచి ఈపబ్ (ఈ-బుక్ ఫైలు రకం) ఎగుమతి ఉంది. అధ్యాయాల పేర్లకు అక్షరాలు పెద్దవి చేసి వదిలేయకుండా ‘హెడింగ్ 1’ స్టైల్ పెట్టండి. విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. అచ్చు కోసం ఇన్‌డిజైన్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ వాడే సెంటరుకు వెళితే, పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోమనండి. అది లేకుండా యూనికోడ్ తెలుగు వేస్తే వత్తులు విడిపోతాయి, తప్పంతా యూనికోడ్ మీదకు నెట్టేస్తారు.

ప్రశ్న: మా నాన్నగారి నవల రెండో భాగానికి అట్ట నేనే చేశాను. ఫోన్లో బాగుంది, అచ్చులో మసకగా వచ్చింది. (ఒంగోలు)

అమ్మా, బొమ్మను ప్రెస్‌కు వాట్సాప్‌లో ఫొటోగా పంపి ఉంటారు. అది బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. డెమ్మీ 1/8 సైజు అట్ట ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 1650, 2550 చుక్కలు కావాలి. కోతలో పోయే మూడు మిల్లీమీటర్లు ప్రతి వైపూ అదనం. పుస్తకం వీపు మందం ఊహించి వేయకండి, ఆ కాగితంతో అన్నే పేజీల డమ్మీ (నమూనా పుస్తకం) కట్టించి కొలిపించండి. వీపు మీద నవల పేరు, భాగం అంకె మొదటి భాగంలో ఎంత ఎత్తున ఉన్నాయో రెండో దానిలోనూ అంతే ఎత్తున రావాలి. అలమరలో పక్కపక్కన పెట్టినప్పుడు ఒక వరసలో కనిపిస్తే నాన్నగారు ఎంత సంతోషిస్తారో చూడండి.

ప్రశ్న: ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని కొందరు డబ్బు అడుగుతున్నారు. ఎంత ఇవ్వొచ్చు? (చీమకుర్తి)

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. రచయితే సొంతంగా ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రతి భాగానికీ వేరే నంబరు కావాలి. అదే భాగం ఈ-బుక్‌గా వస్తే దానికి మరొకటి. అచ్చయిన 30 రోజుల్లో 1954 చట్టం ప్రకారం కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకీ, మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. వాటిలో ఒకటి చెన్నైలోని కన్నెమరా. సొంతంగా వేసుకునేవాళ్లలో చాలామంది ఇది వదిలేస్తారు, దయచేసి మీరు వదలకండి.

ప్రశ్న: కిండిల్‌లో తెలుగు నవల ఎక్కించడం కుదరడం లేదు. (ఆత్మకూరు)

2016 డిసెంబరులో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు ఆ ఐదింటిలో లేదు. భాష ఇంగ్లిషు అని పెట్టి ఎక్కించకండి, తీసేసే ప్రమాదం ఉంది. గూగుల్ ప్లే బుక్స్ ఈపబ్ తీసుకుంటుంది, అందులో తెలుగు పుస్తకాలు అమ్ముడవుతున్నాయి.  ఆన్‌లైన్లో కథలు చదివే ప్రతిలిపిలో అధ్యాయాల వారీగా పెడితే రెండో భాగం కోసం ఎదురుచూసే పాఠకులు ముందే దొరుకుతారు. ఎక్కడ పెట్టినా హక్కుల షరతులు పూర్తిగా చదవండి. రాసిన క్షణం నుంచీ కాపీరైటు మీదే, మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ప్రశ్న: పుస్తకంలో వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేని తెలుగు ఫాంట్లు ఏవి? (నెల్లూరు, మూలపేట)

లోపలి పేజీలకు నోటో సెరిఫ్ తెలుగు, అట్ట మీద పేరుకు రామభద్ర తీసుకోండి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే. అమ్మే పుస్తకంలోనూ, ఈ-బుక్ లోపలా పెట్టుకోవచ్చు. మండలి, సూరన్న, గిడుగు కూడా వేసి చూడండి. మన జిల్లా ఎవరి పేరు మోస్తోందో ఆ పొట్టి శ్రీరాములు పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. ఏది ఎంచుకున్నా, నవలకు ఎన్ని భాగాలుంటే అన్నిటికీ అదే ఫాంటు, అదే కొలతలో ఉంచండి. పీడీఎఫ్ తీశాక ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోట ‘ఎంబెడెడ్’ (ఫాంటు ఆ ఫైల్లోనే కలిసి ఉందని అర్థం) అని ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ప్రెస్‌కు పంపండి.