తేట నీళ్ళను నమ్మొద్దు పాపా

దాసరహళ్ళి, బెంగళూరు

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పీణ్యాలో సర్క్యూట్ బోర్డులు చేసే కంపెనీలో చేరుతున్నావనీ, మురికినీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు, అదే ఈటీపీ, మొత్తం నీ చేతికే ఇస్తున్నారనీ చెప్పింది. "మంచిదక్కా" అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ అత్త రెండుసార్లు లేచి "ఏమైంది, గ్యాసా?" అని అడిగింది. గ్యాసే, కానీ ఆమె అనుకున్న గ్యాస్ కాదు. అదేంటో కింద రాస్తాను.

మన ఇళ్ళల్లో ఈ మురికినీళ్ళ పని చేసినవాణ్ణి ఇప్పటిదాకా నేనొక్కణ్ణే. హిందూపురం పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావ్రా?" అంటే "కంపెనీలో కెమికల్ పని" అని దాటేసేవాణ్ణి. నువ్వు ఎం.టెక్. చదివి మరీ ఈ పనికి వస్తున్నావు. మీ అత్తకు మూడుసార్లు చెప్పాను. గర్వం అనుకో, ఇంకేమైనా అనుకో. ఫోన్లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ వేరే పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నా.

బయటికి పోయే నీళ్ళలో కాపర్ లిమిట్ దాటుతోందనీ, దాన్ని దించడమే నీ మొదటి పని అనీ ఇంటర్వ్యూలోనే చెప్పారంట కదా. ముందు పొల్యూషన్ బోర్డు ఇచ్చిన అనుమతి, అదే కన్సెంట్ కాగితం, చేతిలోకి తీసుకుని ఒక్కో షరతూ చదువు. మన దేశంలో లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్లకు కాపర్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6కూ 9కీ మధ్య ఉండాలి. మీ కన్సెంట్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే మీకు చట్టం. శాంపిల్ ఎక్కడ తీస్తారో కూడా అందులోనే ఉంటుంది. ఇంకో మాట, ఆ కంపెనీలో "పీసీబీ" అంటే సర్క్యూట్ బోర్డా, పొల్యూషన్ బోర్డా అన్నది మాట్లాడే మనిషి మొహం చూస్తే తెలిసిపోతుంది. మొహంలో టెన్షన్ ఉంటే రెండోది.

రాగిని నీళ్ళలోంచి దించే పని మన ఇంట్లో నాకంటే ముందు మీ తాత చేశాడు. ద్రాక్షతోటకు మందు కలిపేటప్పుడు నేను పక్కనే కూర్చునేవాణ్ణి. వంద లీటర్ల నీళ్ళకు ఒక కేజీ మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఒక కేజీ సున్నం. రెండూ వేరు వేరు మట్టి తొట్లలో కరిగించి, కట్టెతో తిప్పుతూ కలిపేవాడు. ఇనప బక్కెట్ తాకనిచ్చేవాడు కాదు. కలిపాక కొడవలి మొన అందులో ముంచి కాసేపు పట్టుకునేవాడు. బయటికి తీసినప్పుడు ఇనుము మీద ఎర్రగా రాగి పూత కనబడితే "ఇంకా సున్నం పట్టల్లేరా" అని ఇంకో గుప్పెడు వేసేవాడు. ఇనుము తెల్లగా వస్తేనే చెట్ల మీద కొట్టేవాడు. నువ్వు పుస్తకంలో హైడ్రాక్సైడ్ ప్రెసిపిటేషన్ అని చదివావే, దాని తమ్ముడే ఇది. పీహెచ్‌ని 8.5కీ 9.5కీ మధ్య నిలబెడితే రాగి లేత నీలం పీచులా విడిపోయి కిందికి దిగుతుంది. 10 దాటిస్తే మళ్ళీ కొంచెం కరగడం మొదలుపెడుతుంది, కాబట్టి ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనుకోకు. మీటర్ ఎలక్ట్రోడ్ మీద సున్నం గడ్డకట్టి తప్పు చూపిస్తుంది. పొద్దున్నే పలచని యాసిడ్‌లో కడిగి, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకున్నాకే దాని మాట విను. పీచును ముద్దకట్టించే పాలీ (పాలీఎలక్ట్రోలైట్) చిటికెడు చాలు, ఎక్కువైతే నీళ్ళు బంకబంకగా అయి బురద పిండే ఫిల్టర్ ప్రెస్ వాడు నిన్ను తిడతాడు. ఎంత సున్నం, ఎంత పాలీ అన్నది రోజూ చిన్న గ్లాసుల్లో వేసి చూసే జార్ టెస్ట్ చెబుతుంది, సప్లయర్ కాదు.

ఇంతవరకూ నీకూ తెలిసిందే. మీ తాత కొడవలికి కూడా దొరకని రాగి ఒకటుంది. నా మెడకు చుట్టుకున్నది అదే.

1996లో నాకు ముప్పై నిండలేదు. డిప్లొమా చేతిలో ఉంది, పీణ్యాలో ఒక సర్క్యూట్ బోర్డుల యూనిట్ ఈటీపీ నా కింద ఉంది, నాకంటే తెలిసినవాడు లేడన్న పొగరూ ఉంది. ఒక శనివారం లైన్ వాళ్ళు పాతబడిన ఎలెక్ట్రోలెస్ కాపర్ బాత్‌ని, అంటే కరెంటు లేకుండా బోర్డుల మీద రాగి పూత వేసే ద్రావణాన్ని, నాకు ఒక్క మాట చెప్పకుండా డ్రైన్లోకి వదిలేశారు. నాలుగు వందల లీటర్లు. లీటరుకు రెండున్నర గ్రాముల రాగి అనుకో, మొత్తం ఒక కేజీ. అది నా ఇరవై వేల లీటర్ల ట్యాంకులో కలిసింది. లీటరుకు 50 మిల్లీగ్రాములు! నేను మామూలుగా సున్నం వేశాను, పాలీ వేశాను, కింద బురద దిగింది, పైన నీళ్ళు గాజులా మెరిశాయి. ఓనర్‌ని పిలిచి గ్లాసులో పట్టి చూపించాను కూడా. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

పది రోజుల తర్వాత రిపోర్టులో కాపర్ 22 వచ్చింది. పొల్యూషన్ బోర్డు నోటీసు కూడా వచ్చింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. పీహెచ్ 10 చేశాను, 11 చేశాను. నీళ్ళు తేటగానే ఉన్నాయి, రాగి అందులోనే ఉంది. ఆ బాత్‌లో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుందనీ, అది రాగిని ఎండ్రకాయ కొండితో పట్టినట్టు పట్టుకుంటుందనీ నాకు అప్పటికి తెలియదు. చీలేట్ అన్న మాట గ్రీకులో ఎండ్రకాయ కొండికి ఉన్న పేరు నుంచే పుట్టిందని చాలా ఏళ్ళ తర్వాత చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అప్పుడైతే నవ్వు రాలేదు. మళ్ళీ శాంపిల్‌కి వస్తామని బోర్డు వాళ్ళు చెప్పి పోయారు. కెమికల్స్ అమ్మే అతను ఒకడు "సార్, సోడియం సల్ఫైడ్ వెయ్యండి, ఈడీటీఏ బాబు కూడా వదులుతాడు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. సల్ఫైడ్ నిజంగానే ఆ పట్టు విడిపిస్తుంది. ఏ పీహెచ్‌లో వెయ్యాలో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

రాత్రి పదకొండు. నాతో ఒక హెల్పర్ ఉన్నాడు, కదిరి వైపు కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో. వాడూ నేనూ తెలుగులో మాట్లాడుకుంటుంటే సూపర్‌వైజర్ కన్నడంలో విసుక్కునేవాడు. నేను సల్ఫైడ్ పొలుసులు రియాక్షన్ ట్యాంకులో వేయించాను. అదే సమయంలో ఇంకో పైపు నుంచి, బోర్డు మీది అక్కర్లేని రాగిని కరిగించే ఎచింగ్ లైన్ యాసిడ్ కడుగునీళ్ళు అందులోకే వస్తున్నాయి. పీహెచ్ ఎంతుందో చూడలేదు. మీటర్ రెండడుగుల దూరంలో ఉంది పాపా, రెండడుగులు.

కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. కాసేపటికి వాసన పోయింది. హమ్మయ్య, గ్యాస్ తగ్గింది అనుకున్నాను. తగ్గలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక మోతాదు దాటితే ముక్కును చంపేస్తుంది, వాసన పోవడమే దాని గుర్తు. తిప్పే రెక్కకు ఏదో చుట్టుకుందని వాడు వంగాడు, అలాగే ట్యాంకు గోడ మీద వాలిపోయాడు. వాణ్ణి లాగడానికి నేను కూడా వంగాను. అది రెండో తప్పు, ఆ పని చేసి చాలామంది వరసగా పోయారు. మా షెడ్డు మూడు వైపులా తెరిచి ఉండబట్టి ఇద్దరం బతికాం. వాచ్‌మన్, నేను కలిసి వాణ్ణి రోడ్డు మీదికి మోసుకొచ్చి ఆటోలో వేశాం. వెనక్కి తిరిగి చూస్తే వాడి హవాయి చెప్పు ఒకటి ఆ నల్లటి నీళ్ళ మీద తేలుతోంది.

మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికాడు. తర్వాత ఊరికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ శాంపిల్ రిపోర్టు మాత్రం వచ్చింది: కాపర్ 0.6. ఓనర్ అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. నా ముక్క నేను తినలేదు.

అందుకే మీ అత్త గ్యాసా అంటే ఔనన్నాను.

ఇప్పుడు విను. రాగి ఎక్కువ వస్తే ఏ మందు వెయ్యాలి అని కాదు, ముందు అది ఎక్కడ ఉంది అని అడుగు. శాంపిల్‌ని రెండుగా చెయ్యి. ఒకటి అలాగే, ఇంకొకటి 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, రెండూ టెస్ట్ చేయించు. వడగట్టిన దాంట్లో రాగి తగ్గిపోతే నీ సమస్య సెట్లింగ్‌ది, పీచు పైకి తేలి పోతోంది. పాలీ, ట్యాంకు, ఫిల్టర్ చూసుకో. వడగట్టినా తగ్గకపోతే అది కరిగి, ఎవరి పట్టులోనో ఉంది. అప్పుడు ఎంత సున్నం పోసినా దండగ, నాలాగ. లైన్ మీదికి పోయి ఏ బాత్ ఎప్పుడు వదిలారో అడుగు. ఎలెక్ట్రోలెస్ నీళ్ళనూ, అమ్మోనియా ఎచింగ్ కడుగునీళ్ళనూ మిగతా వాటితో కలవనివ్వకు. అమ్మోనియా పట్టిన రాగి ఇంకు సీసాలా ముదురు నీలంగా ఉంటుంది, కళ్ళకే దొరుకుతుంది. ఈడీటీఏ రాగి పలచనైతే కళ్ళకు దొరకదు.

పట్టు విడిపించడానికి నా మాటైతే ఫెర్రస్ సల్ఫేట్. ఆ నీళ్ళు వేరే ట్యాంకులో పట్టి, పీహెచ్ 3 దగ్గర ఫెర్రస్ వేసి బాగా తిప్పి, తర్వాత సున్నంతో 9 దాకా తీసుకుపో. స్లడ్జ్, అంటే బురద, బాగా పెరుగుతుంది, మేనేజర్ గొణుగుతాడు. గొణగనీ. సల్ఫైడే వెయ్యక తప్పదంటే పీహెచ్ 9 పైన ఉందని మీటర్‌తో చూసి, యాసిడ్ లైన్ వాల్వు నీ చేత్తో మూసి, గ్యాస్ డిటెక్టర్ పెట్టుకుని, పగటిపూట వెయ్యి. రాత్రి మాత్రం వెయ్యొద్దు. గోల్డ్ ప్లేటింగ్ ఉంటే అందులో సయనైడ్ ఉంటుంది, అది యాసిడ్ మొహం కూడా చూడకూడదు. కలిస్తే నా కథకంటే ఘోరం.

నువ్వు నవ్వినా సరే, ఇంకొకటి. అన్నిటికంటే చవకగా రాగి తగ్గించే మందు టీ. లైన్ మీద పనిచేసే వాళ్ళతో కలిసి టీ తాగు. బోర్డులు తగిలించిన ర్యాక్‌ని బాత్‌లోంచి పైకి లేపాక గబుక్కున కడుగునీళ్ళలో ముంచేస్తారు, చుక్కలన్నీ నీ ట్యాంకులోకి వస్తాయి. "అన్నా, పైన పట్టుకుని పది లెక్కపెట్టు" అను. మొదటి కడుగుడుకు పారకుండా నిలిచే తొట్టి ఒకటి పెట్టించు, ఆ నీళ్ళు మళ్ళీ బాత్‌లోకే పోయొచ్చేమో కెమిస్ట్‌ని అడుగు. వాళ్ళలో బిహార్ వాళ్ళుంటారు, మండ్య వాళ్ళుంటారు, మనవాళ్ళూ ఉంటారు. "మేడం కొత్త, ఏం తెలుసు" అంటారు. అననీ. బాత్ వదిలేముందు నీకు ఫోన్ చేస్తే చాలు. ఆ ఒక్క ఫోన్ నాకు ఎవరూ చెయ్యలేదు.

నీళ్ళు కలిపి పలచన చేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ ఒక్క కేజీ రాగిని 3కి దించాలంటే మూడు లక్షల ముప్పై మూడు వేల లీటర్ల నీళ్ళు కావాలి, లెక్క నువ్వే చూసుకో. చట్టం కూడా ఒప్పుకోదు. స్లడ్జ్ కేకు హజార్డస్ వేస్ట్, తొంభై రోజుల్లోపు పంపించాలి, దాన్ని ఎక్కడికి పంపావో చూపే మానిఫెస్ట్ కాగితాలు దాచుకో.

పీణ్యా వైపు నీళ్ళు వృషభావతిలోకి దిగుతాయి. ఒక ఆదివారం స్కూటర్ వేసుకుని ఆ నది వెంట బిడది దగ్గర బైరమంగల చెరువు దాకా పోయాను. నురగ గాలికి దూదిలా ఎగిరి పక్క పొలాల మీద పడుతోంది. ఆ నీళ్ళతోనే ఒకాయన మళ్ళు తడుపుతున్నాడు. తలగుడ్డ, మోకాళ్ళ దాకా బురద, అచ్చం మీ తాత. ఆయనతో మాట్లాడదామనుకున్నాను, ఏం మాట్లాడాలో తెలియక వచ్చేశాను.

చేరేది సోమవారం కదా, ఆదివారమే వచ్చెయ్. మెట్రోలో దాసరహళ్ళిలో దిగు, మెట్ల కింద ఉంటాను. పీజీ సంగతి తర్వాత చూద్దాం, మొదటి నెల మా ఇంట్లోనే ఉండు, మీ అత్త అప్పుడే పైగది సర్దేసింది. కంపెనీలో బూట్లు ఇస్తారని మీ అమ్మ అంది. ఎప్పుడిస్తారో ఏమో. చెప్పులేసుకుని ఆ ట్యాంకుల దగ్గరికి ఒక్క రోజు కూడా పోవద్దు. రేపే నీ కాలి సైజు వాట్సాప్‌లో పెట్టు, కొని ఉంచుతాను.

మీ మామయ్య