బర్మింగ్‌హామ్ ఇంటికి వచ్చిన నోటీసు గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కౌన్సిల్ కాగితం పూర్తిగా చదివాను. ఎర్డింగ్టన్‌లో నువ్వు కొన్న ఇంట్లో ఆరుగురు విద్యార్థులను అద్దెకు ఉంచావనీ, కుటుంబం ఉండాల్సిన ఇల్లు అనుమతి లేకుండా గదుల వారీ అద్దె ఇల్లుగా మారిందనీ వాళ్ల అనుమానం. నీకు వచ్చినది ప్లానింగ్ కాంట్రవెన్షన్ నోటీసు. అది ఇంకా శిక్ష కాదు, కొన్ని ప్రశ్నలు మాత్రమే. అయితే 21 రోజుల్లో జవాబు పంపకపోతే అదే నేరమవుతుంది, వెయ్యి పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. తెలిసి అబద్ధం రాస్తే ఆ జరిమానాకు పరిమితి కూడా లేదు. ఉద్యోగమంతా ఇలాంటి నోటీసులు రాసే బల్లకు ఇవతలే గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఇంగ్లండులో అనుమతి లేకుండా ఇంటి వినియోగం మార్చడం దానంతట అది నేరం కాదు, ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు, అంటే తప్పును సరిదిద్దమని కౌన్సిల్ ఇచ్చే ఆదేశం, అమలులోకి వచ్చిన తరువాత దాన్ని పాటించకపోవడమే నేరం. ఈ రెండింటి నడుమ ఉన్న కాలంలో నువ్వు ఏం చేస్తావన్నదే ముఖ్యం.

ముందు నీ ఇల్లు ఏ తరగతిలోకి వస్తుందో తెలుసుకో. ఒక కుటుంబం ఉండే ఇల్లు సీ3, సంబంధం లేని ముగ్గురి నుంచి ఆరుగురి దాకా వంటగదీ స్నానాలగదీ పంచుకుని ఉండే ఇల్లు సీ4. ఏడో మనిషి చేరితే అది ఏ తరగతికీ చెందని విడి వినియోగంగా లెక్కకు వస్తుంది కనుక, ఎవరి స్నేహితుణ్ణీ హాల్లో పడుకోనివ్వకు. దేశంలో చాలాచోట్ల సీ3 నుంచి సీ4కు మారడానికి అనుమతి అడగనక్కర లేదు, కానీ బర్మింగ్‌హామ్ మొత్తానికీ 2020 జూన్ 8 నుంచి ఆర్టికల్ 4 ఉత్తర్వు అమలులో ఉండడం వల్ల అక్కడ ఆ వెసులుబాటు పోయింది. హెచ్‌ఎంవో (పలువురు పంచుకునే అద్దె ఇల్లు) లైసెన్సు తీసుకున్నానని నువ్వు రాశావు, మంచిదే. కానీ అది 2004 నాటి గృహ చట్టం కింద ఇచ్చేది, ప్లానింగ్ అనుమతి వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

ఇల్లు అమ్మినాయన “ఇక్కడ ఎప్పుడూ స్టూడెంట్లే ఉండేవారు” అన్నాడని రాశావు. ఆ మాటకు కాగితం తోడైతేనే విలువ. 2020 జూన్ 8కి ముందే ఆ ఇల్లు సీ4గా ఉండి, ఆ తరువాత మధ్యలో ఏ కుటుంబమూ కాపురం ఉండకుండా అలాగే సాగి ఉంటే, నీ వినియోగం చట్టబద్ధమే. పాత అద్దె ఒప్పందాలు, అద్దె జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మినాయన ప్రమాణపత్రం సంపాదించి, చట్టబద్ధ వినియోగ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టు. అక్కడ చూసేది ఏది ఎక్కువ సంభావ్యమన్నదే, సందేహాతీతమైన రుజువు కాదు. కానీ తేదీల్లో ఖాళీలు ఉండకూడదు. విద్యార్థులు కౌన్సిల్ ట్యాక్స్ మినహాయింపు కోసం ఇచ్చిన వివరాలు అదే కౌన్సిల్‌లో మరో విభాగం దగ్గర ఉన్నాయని గుర్తుంచుకుని నోటీసుకు జవాబు రాయి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో “నాలుగేళ్లు చప్పుడు చెయ్యకుండా ఉంటే చాలు” అన్నారట. దాటితే కౌన్సిల్ చర్యకు వీలుండని ఆ నాలుగేళ్ల గడువు గదుల వారీ అద్దె ఇళ్లకు ఎన్నడూ లేదు, వాటికి పదేళ్లే. మిగిలినవాటికి కూడా 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్లయింది. దాచిపెట్టి గడువు దాటిద్దామనుకునేవాళ్లు సర్రేలో ఒక రైతు కథ తెలుసుకోవాలి. ఆయన కోటలాంటి ఇల్లు కట్టి గడ్డిమోపుల వెనక దాచాడు, నాలుగేళ్ల తరువాత బయటపెట్టాడు, చివరికి 2016లో దాన్ని పడగొట్టుకున్నాడు. మన దగ్గర బీపీఎస్ లాంటి పథకాల కింద అపరాధ రుసుము కట్టి అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించుకునే అలవాటు ఉంది కదా, ఇక్కడ అటువంటి కిటికీ తెరుచుకుంటుందని ఎదురుచూడకు. కౌన్సిలర్‌తో చెప్పిద్దామన్న ఆలోచన కూడా వద్దు.

పాత వినియోగం రుజువు కాకపోతే నీకు రెండు దారులు ఉన్నాయి. అనుమతి అడగదలిస్తే ముందు నీ వీధిలో లెక్క వెయ్యి. బర్మింగ్‌హామ్ విధానం ప్రకారం వంద మీటర్ల వ్యాసార్ధంలో ఇలాంటి ఇళ్లు పది శాతం మించకూడదు, ఒక కుటుంబపు ఇల్లు రెండు అద్దె ఇళ్ల మధ్య ఇరుక్కోకూడదు, వరుసగా మూడు ఏర్పడకూడదు. ఈ లెక్క నీకు ప్రతికూలంగా ఉంటే దరఖాస్తు రుసుము వృథా చెయ్యకు. ఆ దరఖాస్తు తిరస్కరించాక ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు వస్తే, దానిపై అప్పీలులో “అనుమతి ఇవ్వదగినదే” అని వాదించే దారి చాలావరకు మూసుకుపోతుంది కూడా. రెండో దారి, ఇంటిని తిరిగి ఒక కుటుంబానికి ఇవ్వడం. సీ4 నుంచి సీ3కి రావడానికి ఏ అనుమతీ అక్కర లేదు. అద్దె తగ్గుతుందని నీకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా నీ వీధి గురించి నువ్వు రాసినదాన్ని బట్టి నేనైతే ఇటే మొగ్గుతాను.

ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసే వస్తే, అది అమలులోకి వచ్చే తేదీని చూడు. నోటీసు అందిన నాటి నుంచి దానికి కనీసం 28 రోజుల వ్యవధి ఉండాలి. ఆ తేదీకి ముందే నీ అప్పీలు, ఇలాంటి అప్పీళ్లు వినే ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు చేరాలి, ఒక్కరోజు ఆలస్యమైనా తీసుకోరు. అప్పీలు నడిచినంత కాలం నోటీసు ఆగుతుంది. పాటించకపోతే వేసే జరిమానాకు పరిమితి లేదు, అంతటితో ఆగకుండా నేరం వల్ల వచ్చిన ఆదాయాన్ని జప్తు చేసే 2002 నాటి చట్టం కింద, నీకు వచ్చిన అద్దెను కూడా రాబట్టుకోవచ్చు. ఇల్లు అమ్మేసినా నోటీసు ఇంటితోపాటే పోతుంది, కొనేముందు ఇంటి రికార్డుల్లో కొనేవాడి వకీలు చేసే సెర్చ్‌లో అది కనబడుతుంది.

ఇంట్లో ఉన్న పిల్లలు మన ఊళ్ల నుంచి అప్పు చేసి వచ్చినవాళ్లు. భయంతో వాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చెయ్యమనకు, అలా చెయ్యడం 1977 నాటి చట్టం ప్రకారం విడిగా మరో నేరం. చదువు సంవత్సరం ముగిసేదాకా గడువు కావాలని కౌన్సిల్‌నే రాతపూర్వకంగా అడుగు. గడువు మరీ తక్కువన్నది అప్పీలుకు కూడా ఒక కారణమే.

కొన్నప్పుడు నీ వకీలు తీసిన సెర్చ్ కాగితాలు, మొదటి అద్దె ఒప్పందం, నోటీసుతో జతచేసిన పటం నాకు ఈ వారాంతంలోపు పంపు. నీ జవాబు చిత్తు ప్రతి నేను చూశాకే సంతకం పెట్టు.

మామయ్య